ఏ కాలు కడగాలి?

నా ఎడమ కాలు మోకాలి కింద జానెడు ఉంది. ఆ తర్వాత లేదు. ఇంతే విషయం. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది చెప్పండి? కానీ ఈ జానెడు ముక్కని ఏమని పిలవాలో తెలియక డాక్టర్ల దగ్గర్నుంచి మా నర్సీపట్నం ఆటోవాళ్ళ దాకా అందరూ పడ్డ అవస్థ చూస్తే, కాలు పోయింది నాకా వీళ్ళకా అని అనుమానం వచ్చేది.

ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరుగారు దాన్ని స్టంప్ అన్నారు. రోజూ పొద్దున్నే వచ్చి, నా మొహం చూడకుండా దుప్పటి ఎత్తి, "స్టంప్ బాగుంది" అని దానికే చెప్పి వెళ్ళిపోయేవారు. నేను బాగున్నానో లేదో ఆయన ఒక్కసారీ అడగలేదు. తర్వాత కట్టు కట్టుకోవడం నేర్పడానికి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. కొత్తగా చదువు పూర్తి చేసుకుని వచ్చిన పిల్ల. "స్టంప్ అనకూడదండీ, మీకు బాధగా ఉంటుంది. రెసిడ్యువల్ లింబ్ అనాలి" అంది. "అంటే ఏటమ్మా?" అని మా అమ్మ అడిగింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మిగిలిపోయిన కాలండీ" అంది. మిగిలిపోయింది అంటే మా అమ్మకి రాత్రి గిన్నెలో అన్నమే గుర్తొస్తుంది. "అలగనకమ్మా, మా వోడి కాలు సద్దన్నమేటి?" అని ఆవిడ కస్సుమంటే ఆ అమ్మాయి పాపం బిక్కమొహం వేసింది. మర్నాటి నుంచి దాన్ని ఏమీ అనకుండా వేలితో చూపించి కట్టు కట్టేది.

విశాఖలో కాళ్ళు తయారుచేసే సెంటరుకి వెళ్తే అక్కడిది మరో భాష. అక్కడ నేను బీకే. బిలో నీ, అంటే మోకాలి కింద పోయినవాణ్ణి. మోకాలి పైన పోయినవాళ్ళు ఏకే. లోపల్నుంచి "బీకే ఎవరండీ?" అని కేకేస్తే ఇద్దరు ముగ్గురం చేతులెత్తేవాళ్ళం. బెంచీ మీద కొత్తగా ఎవరొచ్చి కూర్చున్నా "మీరు బీకేనా ఏకేనా?" అని అడగడం అక్కడి మర్యాద. మా వైపు పెళ్ళిళ్ళలో "మీరు ఎవరి తాలూకా?" అని అడుగుతారు చూడండి, అలాగన్నమాట. ఏకేల ముందు మేం బీకేలం కాస్త అణిగి ఉండేవాళ్ళం. మాకు మోకాలు మిగిలింది కదా, వాళ్ళ ముందు ఎక్కువ ఏడిస్తే బాగోదు.

ఆ బెంచీ మీదే చెరకు రైతు ఒకాయన తగిలాడు. "నాది కార్శండీ" అన్నాడు తన కాలు చూపించి. చెరకు నరికేశాక భూమిలో మిగిలిన మొదళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పంటని కార్శి అంటారు. "మరి మొలిసీలేదేటండీ?" అన్నాను. "ఎరువు సాల్లేదు" అని ఆయన బెంచీ అదిరేలా నవ్వాడు. ఆస్పత్రిలో చేరిన తర్వాత నేను కడుపారా నవ్వింది ఆ రోజే.

నేను మండల సర్వేయర్ని. పొలాల గట్ల మీద గొలుసు పట్టించుకుని తిరగడమే ఉద్యోగం. చెరకు లోడుతో వస్తున్న ట్రాక్టరు నా బండిని గుద్దిన రోజు వరకూ నాకు కాళ్ళున్నాయన్న సంగతే నేను పట్టించుకోలేదు. కొత్త కాలు వేసుకుని ఆఫీసుకి తిరిగి వచ్చిన రోజున మా వాళ్ళు ఒక దండ వేసి, బిస్కెట్లు పంచి, చిన్న సభ పెట్టారు. అంతకు ముందు దాకా నన్ను "ఒరేయ్" అని పిలిచే సహోద్యోగి మైకు అందుకుని "మన దివ్యాంగ సోదరుడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "దివ్యమైనదేటీ రాలేదు గానీ, ఆ టీ ఇలాగియ్యి" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉందట, అందరూ విన్నారు.

నిజం చెప్పాలంటే ఆటోవాళ్ళే నయం. స్టాండులో ఒకతను నన్ను చూడగానే "ఏటి సర్వేయర్‌గోరూ, ఒరిజినల్ ఎటేపు?" అంటాడు. అందులో వెటకారమేమీ లేదు. ఏ వైపు ఆపితే నేను సుళువుగా దిగుతానో తెలుసుకోవడానికి అడుగుతున్నాడు. "కుడేపు" అంటే కుడివైపు ఆపుతాడు. అక్కడితో సరి.

ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ నేను మాత్రం దాన్ని ఏమీ అనలేదు. మరీ అవసరం వస్తే "అది" అనేవాణ్ణి. డాక్టర్లకీ సెంటరువాళ్ళకీ తప్ప ఎవరికీ చూపించలేదు కూడా. స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని, తుడుచుకుని, సాక్సు తొడిగి, కాలు తగిలించుకుని, ప్యాంటు దించుకున్నాకే బయటికి వచ్చేవాణ్ణి. కట్లు విప్పిన తర్వాత మా అమ్మ కూడా దాన్ని చూడలేదు. నాకు కోపం ఎక్కువ కాబట్టి ఎవరూ అడగలేదు.

అడిగింది ఒక్కతే. మా ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ నేను బల్ల కింద మోకాలు నిమురుకుంటున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఆవిడ ఫైల్లోంచి తల ఎత్తకుండానే, "ఏటి సర్వేయర్ గారూ, లోపల బుడ్డోడు అల్లరి సేస్తన్నాడా?" అంది. మా వైపు బుడ్డోడు అంటే చిన్నపిల్లాడు. నాకు చెవులు వేడెక్కాయి. గట్టిగా ఏదో అందామని నోరు తెరిచాను. తీరా చూస్తే నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి రోజూ బుడ్డోడి క్షేమసమాచారాలు కనుక్కోవడం, నేను విసుక్కోవడం, ఆవిడ నవ్వడం. కొన్నాళ్ళకి ఆవిడ పిన్ని మా ఇంటికి సంబంధం మాట్లాడడానికి వచ్చింది.

ఆవిడ నాన్నగారిది ఎస్. రాయవరం వైపు పల్లెటూరు. చెరకు, జీడితోట ఉన్నాయి. ఎండకి నల్లబడ్డ మనిషి, మాట తక్కువ. కూతురు పట్టుబట్టింది కాబట్టి ఒప్పుకున్నాడని నాకు తెలుసు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన నా నుదురు చూసి మాట్లాడేవాడు. కళ్ళలోకి కూడా చూడడు, ఎక్కడ చూపు కిందికి జారుతుందోనని. బొట్టు వంకరగా ఉందేమోనని నేను తడుముకునేవాణ్ణి. "మరి… నడకా అదీ… బాగానే ఉన్నాదాండీ?" అనేవాడు. "బాగానే ఉందండీ" అనేవాణ్ణి. అంతటితో ఇద్దరం హమ్మయ్య అనుకుని వర్షాల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

పైకి నవ్వుతున్నాను గానీ లోపల నాకు చాలా బాధగా ఉండేది. ఈయనకి నేను సగం అల్లుణ్ణి అనిపించేది. పిల్లనిచ్చే మనిషి నన్ను పూర్తిగా ఒక్కసారి చూడలేకపోతే ఎలా? నాకు కట్నాలూ కానుకలూ అక్కర్లేదు. అందరల్లుళ్ళకి చేసినట్టు నాకూ చేస్తే చాలు, పెళ్ళిలో తల ఎత్తుకుని కూర్చోగలిగితే చాలు.

పెళ్ళి మాటలకి రెండు వైపులా పెద్దలు కూర్చున్న రోజున అసలు చిక్కు బయటపడింది. పందిరి, వంటలు, బ్యాండు అన్నీ అయ్యాక పంతులుగారు వరసగా తంతు చెబుతూ "అప్పుడు మామగారు వరుడి కాళ్ళు కడుగుతారు" అన్నారు. అని, ఆగారు. కన్యాదానానికి ముందు పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి, అతని రెండు పాదాలూ పళ్ళెంలో పెట్టించి, అత్తగారు నీళ్ళు పోస్తుంటే మామగారు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి. అది లేకుండా మాలో పెళ్ళి లేదు. మరి నాకు ఉన్నది ఒక పాదం.

ముందు నోరు విప్పింది పెళ్ళికూతురి మేనమామ. "ఉన్న కాలు కడిగీడమే. లేనిదానికేటి సేస్తాం?" అన్నాడు.

"ఒక్క కాలు కడిగి పిల్లనిత్తారేటి? మా వోడికేటి తక్కువ? ఏసుకున్న కాలుందిగా, అది కడగండి" అంది మా పెద్దత్త. మా నాన్నకి అక్క. ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు.

"రబ్బరు కాలు కడిగితే కన్యాదానం సెల్లుద్దేటమ్మా? బూటు కడిగినట్టుంటాది" అన్నాడు మేనమామ.

"అయితే లోపలున్న అసలుది కడగండి!"

"నలుగురి ముందరా?" అంది మా అమ్మ, ఏడుపు గొంతుతో.

అందరూ పంతులుగారి వైపు తిరిగారు. ఆయన గడియారం చూసుకుని, "శాస్త్రం పాదం అంది గానీ ఇలాంటివి చెప్పలేదు నాయనా. మీరంతా ఒక మాట అనుకోండి. ఏది చూపిస్తే దానికి మంత్రం చెబుతాను" అన్నారు. మళ్ళీ మొదలు. అది కాలు అని ఒకరు, అది కాలెలాగవుద్దని ఒకరు, సామాను అని ఒకరు. నా ఎదురుగా కూర్చుని, నా కాలు గురించి, నేను బజారుకి వెళ్ళినట్టే మాట్లాడుకుంటున్నారు. కాబోయే మామగారు మాత్రం నా నుదురు చూస్తూ కూర్చున్నాడు.

నాకు తిక్క రేగింది. "అది ఎవరిదండీ? నన్నొక్కడైనా అడుగుతారా?" అని అరిచి లేచి బయటికి వచ్చేశాను. విసురుగా వచ్చేసరికి గడప దగ్గర కాస్త తూలాను. నా కోపానికి రావలసిన విలువ రాలేదు.

సరే, తర్వాతైనా అడిగారా? లేదు. పెద్దలంతా కలిసి ఒక రాజీ కుదుర్చుకున్నారు. పెట్టుడు కాలే కడగాలని. మా పెద్దత్త నెగ్గింది.

నెగ్గిన ఉత్సాహంలో ఆవిడ చేసిన పని చెప్పాలి. నన్ను పెళ్ళికొడుకుని చేసిన రోజు పొద్దున్న పీట మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళంతా నలుగు పెట్టారు. నేను చేతులు మాత్రం చాపాను. పంచె కింద కాళ్ళు ముడుచుకున్నాను. ఎవరో జోకేశారు, నేను అటు తిరిగి జవాబిస్తున్నాను. ఇంతలో మా పెద్దత్త గిన్నెడు పసుపు నూనెతో కలిపి పట్టుకుని కింద కూర్చుని, కుడి పాదానికి పట్టించి, ఎడమదానికి కూడా మడమ నుంచి వేళ్ళ దాకా దట్టంగా పట్టించేసింది. రబ్బరు పాదానికి వేళ్ళ మధ్య గీతలుంటాయి. ఆ గీతల్లోకి కూడా పసుపు దూర్చి మరీ రుద్దింది. నాకు తెలిస్తే కదా! అక్కడ ఎవరు ఏం చేసినా నాకు తెలియదు. చూసేసరికి ఆలస్యమైపోయింది.

"ఏటత్తా ఇది! దానికెందుకు?" అని కేకేశాను.

"ఏం, దానికి పెళ్ళి కాదేటి?" అంది ఆవిడ, చేతులు తుడుచుకుంటూ.

కుడి పాదం పసుపు స్నానంతో పోయింది. ఎడమది పోలేదు. సబ్బు వేశాం, సర్ఫు వేశాం, నిమ్మకాయ రుద్దాం. మా అమ్మ కిరసనాయిలు కూడా పెట్టి చూసింది. ఏం చేసినా అది బంగినపల్లి మామిడిపండులా నిగనిగలాడుతోంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సెంటరులో కాలు చేసిన టెక్నీషియన్‌కి ఫోన్ చేశాను.

"ఏం రాశారండీ?" అన్నాడు.

"పసుపు."

"మాకు ట్రైనింగ్‌లో పసుపు గురించి చెప్పలేదు సార్" అన్నాడు. "రంగు పోతే పోతుంది, లేకపోతే లేదు. కానీ నీళ్ళలో పెట్టి ఇలా తోమేశారేంటి? లోపల స్క్రూలున్నాయి. ఇంకోసారి తడపకండి, తుప్పు పడితే పెళ్ళిలో కూలబడతారు."

అలా పెద్దల రాజీ కూడా గంగలో కలిసింది. పెట్టుడు కాలు తడపడానికి లేదు. కబురు అరగంటలో పెళ్ళికూతురి ఇంటికి చేరిపోయింది. మా వైపు కబుర్లకి బస్సులు అక్కర్లేదు. సాయంత్రం పెళ్ళికూతురు ఫోన్ చేసింది. పచ్చకాలు సంగతి నా నోటితో మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుని, ఊపిరాడనంతగా నవ్వింది. నవ్వు అయ్యాక అడిగింది.

"ఇంతకీ మీరేటంటారు?"

"దేని గురించి?"

"ఏ కాలు కడగాలో. అందరూ సెప్పినారు, మీరు సెప్పలేదు."

"నన్నెవరడిగారు?"

"అడక్కపోతే సెప్పకూడదేటి? మిగతా అన్నిటికీ అడక్కుండానే గయ్యిమని లేస్తారు కదా."

ఆవిడ గొంతు తగ్గించింది. "మా నాన్న రోజూ అమ్మతో మీ గురించే మాట్లాడతన్నాడు. కాల్లో గుచ్చుకుంటాదా, ఎండలో సెమట పడతాదా అని. మీ ముందర మాత్రం నోరు పెగల్దు. దాన్నేటనాలో అతనికి తెలీదు. తప్పు మాట పడిపోతే మీరు బాధపడతారని బయం. అందుకే మీ నుదురు సూస్తాడు."

నాకు నమ్మబుద్ధి వేసింది, వెయ్యలేదు కూడా. కూతురు కదా, తండ్రిని వెనకేసుకొస్తోంది అనుకున్నాను. "సర్లే, బేగి పడుకో, పొద్దున్నే లేవాలి" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక గదిలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఏది కడగాలంటే ఏది కడగాలి? నాకు కావలసింది నాకే తెలియడం లేదు. ఒక్క కాలే కడిగితే సగం అల్లుణ్ణి. రబ్బరుది కడిగితే ఆట బొమ్మని. లోపలిది బయటపెట్టడమంటే, అమ్మో, మూడొందలమంది ముందర! అందులో సగంమంది ఫోన్లు ఎత్తి వీడియో తీస్తూ ఉంటారు.

పగటి ముహూర్తం. ఊళ్ళోనే కల్యాణమండపం. పొద్దున్నే నేను పంతులుగారిని పక్కకి పిలిచి ఒక ఒప్పందం చేసుకున్నాను. కుడి పాదం కడిగిస్తారు. ఎడమదాన్ని పంచె అంచు కింద దాచుకుంటాను. దాని మీద నాలుగు అక్షింతలు వేయిస్తారు, వెంటనే బ్యాండు మోగిస్తారు, ఎవరూ గమనించేలోపు పెళ్ళికూతుర్ని తీసుకొస్తారు. "దివ్యంగా ఉంది నాయనా" అన్నారాయన. దివ్యం అన్న మాట వినగానే నాకు చిర్రెత్తింది గానీ, ఆ ఒక్కరోజుకి ఓర్చుకున్నాను.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మామగారు కొత్త పంచె కట్టుకుని, భుజాన కండువాతో నా ముందు పీట మీద గొంతుక్కూర్చున్నాడు. అత్తగారు పక్కన చెంబు పట్టుకుంది. కుడి పాదం పళ్ళెంలో పెట్టాను. అత్తగారు నీళ్ళు పోసింది. ఆయన రెండు చేతులతో మడమ, వేళ్ళు, వేళ్ళ సందులు తోమి తోమి కడిగాడు. పొలం నుంచి వచ్చి తన కాళ్ళు కూడా అంత బాగా కడుక్కుని ఉండడు. కండువాతో తుడిచాడు. పంతులుగారు అక్షింతలు అందించారు.

ఆయన తీసుకోలేదు. లేవలేదు కూడా.

"అయిపోనాది బావా, లే" అన్నాడు వెనక నుంచి మేనమామ.

"ఒక కాలు కడిగి పిల్లనిచ్చీనా?" అన్నాడు మామగారు, వెనక్కి తిరక్కుండానే.

పంతులుగారు నా వైపు చూశారు. నేను బ్యాండు వాళ్ళ వైపు చూశాను. బ్యాండు వాళ్ళు ఎవరి వైపు చూడాలో తెలియక వాయిద్యాలు దించేశారు. మామగారు చేతులు పళ్ళెం మీద అలాగే చాచి ఉంచి, తల ఎత్తి నన్ను చూశాడు. నుదురు కాదు, సూటిగా కళ్ళలోకి చూశాడు.

"అల్లుడుగోరూ, నాకు తెలీదండీ. నేను సదువుకోలేదు. పది మంది పది రకాలుగా సెప్పినారు. మీ కాలు ఏదో మీరే సెప్పండి. అదే కడుగుతాను."

ఇన్నాళ్ళకి పెద్దల్లో ఒకరు నన్ను అడిగారు. కోపంగా అందామన్నా కోపం రాలేదు. అక్షింతలు వెయ్యమనడానికి నోరు తెరిచాను. కానీ నా చెయ్యి పంచె కిందికి వెళ్ళి పెట్టుడు కాలు పక్కనున్న బటన్ నొక్కేసింది. టక్‌మని కాలు ఊడింది. తీసి కుర్చీ పక్కన నిలబెట్టాను. పచ్చటి పాదంతో అది అక్కడ నిలబడింది. సాక్సు లాగేశాను. పంచె మోకాలి దాకా మడిచాను. తెల్లగా, ముడతలు పడి, కుట్ల గీతతో, ఇన్నాళ్ళూ దాచుకున్న నా జానెడు ముక్క మండపం నడిమధ్యకి వచ్చింది.

"ఇదండీ మావయ్యా" అన్నాను. "ఇదే నా కాలు."

నా నోటితో దాన్ని కాలు అనడం అదే మొదలు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకళ్ళో ఇద్దరో ఫోన్లు ఎత్తి, మా పెద్దత్త చూపు తగిలి దించేసుకున్నారు.

మామగారు పళ్ళెం కొంచెం పైకి ఎత్తి పట్టుకోమని మేనమామకి సైగ చేశాడు. పెద్ద వాదన చేసిన ఆ మేనమామే వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం పట్టుకున్నాడు. అత్తగారు నీళ్ళు పోసింది. మామగారి చేతులు గరుకుగా ఉన్నాయి, కానీ పసిపిల్లకి నీళ్ళు పోసేటంత మెత్తగా తాకాడు. కుట్ల గీత మీదుగా బొటనవేలితో నెమ్మదిగా రుద్దాడు. నేను ఉలిక్కిపడ్డాను.

"నొప్పెట్టినాదేటండీ?" అని చెయ్యి తీసేశాడు.

"లేదు మావయ్యా."

"మరేటి?"

కాలు పోయినా పోయిన వేళ్ళు ఒక్కోసారి ఉన్నట్టే తెలుస్తాయి. ఇక్కడ తాకితే అక్కడ తాకినట్టుంటుంది. డాక్టర్లు దానికి ఫాంటమ్ అని పేరు పెట్టి, కొన్నాళ్ళకి పోతుంది అంటారు. పిచ్చి అనుకుంటారని నేను ఎవరితోనూ అనలేదు. కానీ అంత దూరం వచ్చాక ఇంక దాచేదేముంది?

"వేళ్ళ సందుల్లో గిలిగింత పెట్టినట్టయింది" అన్నాను.

"ఏ కాలు వేళ్ళండీ?"

"ఈ కాలువే."

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. మామగారు నవ్వలేదు. నా కాలు చివర నుంచి నేల దాకా ఉన్న ఖాళీని, తోటలో గట్టు ఎక్కడిదాకా ఉందో చూసుకునే మనిషిలా, శ్రద్ధగా చూశాడు.

"ఎక్కడిదాకా ఉన్నాయండీ వేళ్ళు?" అని అడిగాడు.

నేను వేలితో చూపించాను. కుడి పాదం పక్కన, కొంచెం ముందుకి.

ఆయన అత్తగారి చేతిలోంచి చెంబు తనే అందుకున్నాడు. పళ్ళెం కింద పెట్టించి, నేను చూపించిన చోట, మడమ దగ్గర నుంచి వేళ్ళ దాకా, నెమ్మదిగా నీళ్ళు పోశాడు. ఒక్క చుక్క తొందరపడలేదు. మిగిలిన నీళ్ళు అరచేతిలోకి తీసుకుని నెత్తిన చల్లుకున్నాడు. కండువాతో నా కాలు తుడిచి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి నిలబడ్డాడు.

"రెండు కాళ్ళూ కడిగీసినానండీ పంతులుగోరూ" అన్నాడు అందరికీ వినపడేలా. "ఇంక పిల్లని తీసుకురమ్మనండి."